సూర్యుడికి స్విచ్చు లేదు



2025 ఆగస్టు 27, 28 తేదీలను కామారెడ్డి జిల్లాలో ఎవరూ మరిచిపోరు. కామారెడ్డి పట్టణంలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. అటు పోచారం ప్రాజెక్టు పొంగిపొర్లుతుంటే కట్ట ఆగుతుందా లేదా అని దిగువ ఊళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాయి. అంతటి వానలో కరెంటు సిబ్బంది మొట్టమొదట చేసే పని సరఫరా నిలిపెయ్యడం. మనుషుల ప్రాణాలు కాపాడే పని అది. ఇంట్లో ఉన్నవాళ్లేమో "కరెంటు బంద్ చేసిండ్రు, ఇగ ఫికర్ లేదు" అనుకుని మోకాటి లోతు నీళ్లలో సామాను సర్దడానికి దిగుతారు.

ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పరిస్థితి వేరు. బయట కరెంటు పోవడమే దానికి పని మొదలుపెట్టే సైగ. సాకెట్లు మునిగాయో లేదో దానికి తెలియదు. అది నీళ్లలోని సాకెట్లకు కూడా 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. అందుకే ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయని తెలిసిన వెంటనే, పాదాలు ఇంకా పొడిగా ఉన్నప్పుడే, మెయిన్‌తో పాటు ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి. ముందరున్న చిన్న బటన్ నొక్కితే సరిపోదు. చాలా ఇన్వర్టర్లలో ఆ బటన్ బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును మాత్రమే ఆపుతుంది. లైను కరెంటు దాని లోపలి నుంచి ఇంట్లోకి మామూలుగానే పోతుంది. ముందు మెయిన్ దించి, తరువాత ఇన్వర్టర్ బటన్ ఆపి, ఆపైన దాని నుంచి ఇంట్లోకి పోయే ఎంసీబీని దించాలి. అసలు అక్కడ ఎంసీబీ పెట్టని ఇళ్లే ఎక్కువ. నీళ్లు అప్పటికే వచ్చేసి ఉంటే దాని జోలికి పోకుండా బయటికి రావడమొక్కటే దారి.

ఈ రోజు నేను చెప్పదలచింది ఇంటి ఇన్వర్టర్, దాని బ్యాటరీ, బంగ్లా మీది సోలార్ పలకల గురించి. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రపు కరెంటు కోతలకు తాళలేక ఇన్వర్టర్ కొన్నాం. ఇప్పుడు కోతలు తగ్గినా గాలిదుమారానికి లైను తెగడం తగ్గలేదు కాబట్టి దాన్ని వదులుకోలేదు. పైగా ఇప్పుడు సబ్సిడీతో సోలార్ కూడా వస్తోంది. అంటే ఒకే ఇంట్లోకి మూడు దిక్కుల నుంచి కరెంటు వచ్చే రోజులివి: స్తంభం నుంచి, బ్యాటరీ నుంచి, ఎండ నుంచి. మన జాగ్రత్తలు మాత్రం ఇంకా స్తంభం దగ్గరే ఆగిపోయాయి.

ముందు బ్యాటరీ సంగతి. "పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా ఏం కాదు" అంటారు. పొడి చేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. అయితే దానివల్ల వచ్చే ముప్పు షాక్ రూపంలో రాదు, మంట రూపంలో వస్తుంది. లెక్క చూడండి. 800 వాట్ల భారం నడవాలంటే 230 వోల్టుల తీగలో మూడున్నర ఆంపియర్లు పోతే చాలు. అదే భారాన్ని 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగితే, మధ్యలో పోయే నష్టం కూడా కలుపుకుని 80 ఆంపియర్ల దాకా పోవాలి. గీజర్ తీగలో పోయే కరెంటుకు అయిదారు రెట్లన్నమాట. బ్యాటరీ కొసన లగ్గు (తీగ కొసకు బిగించే లోహపు బిళ్ల) వదులుగా ఉండి, అక్కడ ఓములో నూరో వంతు అడ్డంకి ఏర్పడితే చాలు, ఆ ఒక్క చోటే 64 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ కడ్డీకి ఉండేపాటి వేడి అది. ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తరువాత సీసం మెత్తబడుతుంది, ఆ తరువాత పక్కనున్న గుడ్డో కాగితమో అంటుకుంటుంది.

కాబట్టి బ్యాటరీ తీగ విషయంలో బేరం వద్దు. ఇన్వర్టర్ తోటి కంపెనీ ఇచ్చిన తీగ పొట్టిగా ఉందని, మామూలు ఇంటి వైరు రెండు మూడు పేటలు మెలేసి పొడిగించే పని కొన్నిచోట్ల చేస్తారు. అది చేయనివ్వకండి. తీగ పొడవు చాలకపోతే బ్యాటరీనే దగ్గరికి జరపాలి. ఒక బ్యాటరీ ఇంటి ఇన్వర్టర్‌కు 16 నుంచి 25 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, మిషన్‌తో గట్టిగా నొక్కిన లగ్గులు, బ్యాటరీ పాజిటివ్‌కు ఆనుకుని సరైన డీసీ ఫ్యూజు కావాలి. ఈ ఫ్యూజు సంగతి మన దగ్గర నూటికి తొంభై మంది అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. ఇంట్లో ప్రతి గదికి ఎంసీబీ పెట్టుకుని, అన్నిటికంటే ఎక్కువ కరెంటు పారే తీగను మాత్రం ఏ కాపలా లేకుండా వదిలేస్తున్నాం.

బ్యాటరీ బిగించేటప్పుడు చేతి ఉంగరం, గడియారం, కంకణం తీసి పక్కన పెట్టాలి. నీళ్లు పోసేది తరచుగా ఇంట్లో ఆడవాళ్లే కాబట్టి బంగారు గాజులు కూడా తీయాలని చెబుతున్నా. పాజిటివ్‌కు, నెగెటివ్‌కు మధ్య లోహపు గాజు అడ్డం పడితే వందల ఆంపియర్లు దాని గుండా పారతాయి. అది తీసేలోపే చేయి కాలిపోతుంది. పానాకు పిడి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఇంత చిన్న క్రమం పాటిస్తే నిప్పురవ్వలు ఎగిరే అవకాశం బాగా తగ్గుతుంది.

నిప్పురవ్వ ఎందుకు వద్దంటున్నానంటే, ఇంటి ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ (సీసం-ఆసిడ్) బ్యాటరీ ఛార్జింగ్ చివరికి వచ్చేసరికి అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్ బయటికి వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, రవ్వ తగిలితే పేలుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలికంటే తేలిక కాబట్టి పైకి పోయి కప్పు కింద చేరుతుంది. మెట్ల కింద తలుపు బిగించిన అరలో బ్యాటరీ పెట్టి, దానిమీద చీపుర్లూ పాత పేపర్లూ సర్దిన ఇళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. దేవుడి గదిలో, దీపం పక్కన పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. బ్యాటరీకి గాలి ఆడే చోటు కావాలి, పైభాగాన కిటికీయో వెంటిలేటరో ఉండాలి. వంటింట్లో గ్యాసు పొయ్యి దగ్గర, పడక గదిలో తల దగ్గర పెట్టకూడదు. వరద నీరు వచ్చే కాలనీ అయితే ఒక అరుగు కట్టించి దానిమీద పెట్టండి. 150 ఏహెచ్ బ్యాటరీ యాభై కిలోల పైచిలుకు బరువుంటుంది కాబట్టి గోడ చెక్కలకు వేలాడదీయకండి.

అందులో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. తాగే మినరల్ వాటర్ పనికిరాదు, బోరు నీళ్లు అసలే పనికిరావు. వాటిలోని లవణాలు పలకలను తినేస్తాయి. బ్యాటరీ నీరసించిందని ఆసిడ్ కలిపేవాళ్లుంటారు, ఆ మాట వినకండి. ఆవిరైపోయేది నీరే, ఆసిడ్ లోపలే ఉంటుంది. ఆసిడ్ ఒంటిమీద పడితే ధారాళంగా నీళ్లతో కడగాలి. నేలమీద పడితే వంట సోడా చల్లాలి. పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టనివ్వకండి, అందులోని సీసం పిల్లల మెదడుకు విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడే పాతదాన్ని దుకాణంలో మార్పిడికి ఇచ్చేస్తే ఆ పని అయిపోతుంది.

ఇక్కడ ఒక ముచ్చట. బ్యాక్‌అప్ ఎక్కువ సేపు రావడంలేదని రెండో బ్యాటరీ కొనబోయే ముందు ఫ్యాన్ల వైపు చూడండి. 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్ అవర్లు ఉంటాయి. నష్టాలు పోను, బ్యాటరీని పూర్తిగా పిండకుండా వాడితే 1,200 దాకా చేతికొస్తాయి. మూడు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఒక టీవీ నడిస్తే అది నాలుగు గంటలు కూడా రాదు. అవే ఫ్యాన్లను తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకానికి మారిస్తే ఆరు గంటలు దాటుతుంది. మూడు ఫ్యాన్లు రెండో బ్యాటరీకంటే చవక, పైగా వాటికి ఆసిడ్ లేదు.

ఇక బంగ్లా మీదికి పోదాం. సోలార్ పలకల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒకటే సంగతి: వాటిని ఆపలేం. మెయిన్ దించితే స్తంభం కరెంటు ఆగుతుంది. బటన్ నొక్కితే ఇన్వర్టర్ ఆగుతుంది. ఎండ పడినంతసేపు పలక మాత్రం కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. ఇప్పుడొచ్చే 540 వాట్ల పలక ఒక్కోటి 50 వోల్టుల దరిదాపుల్లో ఇస్తుంది. మూడు కిలోవాట్లకు ఆరు పలకలు వరుసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ మీ మిద్దె మీద నుంచి దిగుతుంది. పుష్య మాసపు పొద్దున చలి పది డిగ్రీలకు పడిపోయినప్పుడు అది ఇంకా నాలుగయిదు శాతం పెరుగుతుంది కూడా. ఎండాకాలంలో పెరుగుతుందనుకుంటారు గాని వేడికి వోల్టేజి తగ్గుతుంది. అందుకే పలకల వోల్టేజి లెక్క చలికాలపు పొద్దునకు కట్టాలి, లేకపోతే మంచి ఎండ కాసిన చలి రోజున ఇన్వర్టర్ కాలిపోతుంది.

డీసీకి ఇంకో చెడ్డ గుణం ఉంది. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది. తీగ తెగినా, వదులైనా మధ్యలో లేచే మంట ఆ సున్నా దగ్గర ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఒకసారి ఆర్క్ లేచిందంటే తీగ కొసలు కరిగి దూరం జరిగేదాకా మండుతూనే ఉంటుంది. ఏసీ ఎంసీబీని డీసీ లైనులో పెడితే అది దించినా లోపల మంట ఆగకపోవచ్చు, డబ్బానే అంటుకోవచ్చు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ధరలో మాత్రం తేడా. డీసీ అని, ఎన్ని వోల్టులకని దానిమీదే రాసి ఉంటుంది. బిల్లు కట్టే ముందు చదవండి. పలకల తీగల కొసలకుండే ఎంసీ4 కనెక్టర్లను కరెంటు పారుతుండగా లాగకూడదు. ముందు ఇన్వర్టర్ ఏసీ వైపు ఆపి, తరువాత డీసీ ఐసోలేటర్ తిప్పి, ఆపైనే కనెక్టర్ ముట్టుకోవాలి. ఒక కంపెనీ కనెక్టర్‌ను ఇంకో కంపెనీదానితో కలిపితే లోపల సరిగ్గా కూర్చోదు. రెండేళ్లకు అక్కడే నల్లబడుతుంది.

మామూలు ఇంటి వైరు ఎండకు రెండు మూడేళ్లలో పగిలిపోతుంది. పలకల నుంచి దిగేది ఎండకు తట్టుకునే, రెండు పొరల సోలార్ డీసీ కేబుల్ అయ్యుండాలి. మన జిల్లాలో ఇంకో శత్రువు ఉంది, దాన్ని ఏ కంపెనీ పుస్తకమూ రాయదు: కోతి. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో కోతులు కేబుల్ టీవీ వైర్ల మీద ఉయ్యాలలూగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. వేలాడే సోలార్ తీగ వాటికి ఆట వస్తువు. 300 వోల్టుల తీగను కోతి కొరికితే కోతీ పోతుంది, ఇల్లూ అంటుకోవచ్చు. తీగ మొత్తం జీఐ గొట్టంలోనో గట్టి కండ్యూట్‌లోనో పోవాలి, పలకల కింద కూడా క్లిప్పులతో ఫ్రేముకు కట్టేసి ఉండాలి. స్టాండు స్లాబుకు బోల్టులతో బిగించి ఉండాలి. ఏప్రిల్, మే నెలల గాలిదుమారం రేకులనే ఎగరేసుకుపోతుంది. రాళ్లు బరువు పెట్టి నిలబెట్టిన పలక దానికి లెక్క కాదు.

మన దగ్గర నేల బండ, మొరం. ఎండాకాలం ఎర్తింగ్ గొయ్యి ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే. పలకల ఫ్రేములకు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడు వేర్వేరు గోతులు తవ్వించాలి. రాయి తగిలిందని మూడింటినీ ఒకే గోతిలో కలిపేస్తే పిడుగు కరెంటును చేజేతులా ఇన్వర్టర్‌కు అందించినట్టవుతుంది. ఎర్తింగ్ బాగుందా లేదా అని బల్బు వెలిగించి చూపిస్తే నమ్మకండి, ఎర్త్ టెస్టర్‌తో కొలిచి ఓములు చెప్పమనండి. అయిదుకు లోపు ఉంటే మంచిది.

ఇప్పుడు చాలామందికి నిరాశ కలిగించే మాట చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకం తెచ్చింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000కు మించకుండా సబ్సిడీ ఇస్తోంది. మన ప్రాంతంలో ఎండ బాగా కాస్తుంది, కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన వస్తాయి. బిల్లు తగ్గడం ఖాయం. అయితే ఇలా పెట్టుకునే ఆన్‌గ్రిడ్ సోలార్‌లో బ్యాటరీ ఉండదు, స్తంభం కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతుంటే, నెత్తిమీద ఆరు పలకలుంటే, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. "మోసం చేసిండ్రు" అని దుకాణం మీదికి పోయినవాళ్లున్నారు. మోసం కాదు. లైను చచ్చిపోతే ఇన్వర్టర్ కూడా వెంటనే ఆగాలన్నది నిబంధన, దానికి కారణం స్తంభం ఎక్కిన మనిషి. కోతలోనూ కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవాలి, ఖర్చు వేరే. కొనే ముందే ఈ ఒక్క ప్రశ్న అడిగితే గొడవ ఉండదు.

ఆ స్తంభం మీది మనిషి గురించి ఇంకాస్త చెప్పాలి. రెండు వైపులా పిన్నులున్న తీగను సాకెట్‌లో గుచ్చి ఇన్వర్టర్ కరెంటును ఇల్లంతా తిప్పే అతితెలివి కొందరిది. జనరేటర్‌కు కూడా ఇలాగే చేస్తారు. మెయిన్ దించడం మరిస్తే ఆ కరెంటు మీటరు దాటి, స్తంభం దాటి, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. ఇటు 230 వోల్టులు పెడితే అటు 11 కేవీ లైను వైపు వేల వోల్టులు పుడతాయి. "ఊరంతటి భారాన్ని చిన్న ఇన్వర్టర్ మోస్తదా, ట్రిప్ అయితది" అని వాదిస్తారు. మామూలు రోజుల్లో ట్రిప్ అవుతుంది, ఒప్పుకుంటాను. గాలివానకు తీగ తెగి, ఆ ముక్క మీద మీ ఇల్లొక్కటే మిగిలినప్పుడు మోయాల్సిన భారమే ఉండదు, ఇన్వర్టర్ ఆగదు. సరిగ్గా ఆ తెగిన ముక్కను పట్టుకోవడానికే లైన్‌మన్ వస్తాడు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, చచ్చిన తీగే అనే ధైర్యంతో వస్తాడు. మన పల్లెల్లో అయితే లైన్‌మన్ కోసం ఆగకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసుకునే రైతులూ ఉన్నారు. ఏ జనరేటరైనా, ఇన్వర్టరైనా చేంజ్ ఓవర్ స్విచ్చు ద్వారానే ఇంటికి కలవాలి. స్తంభం కరెంటు, ఇంటి కరెంటు రెండూ ఒకేసారి కలవలేని ఏర్పాటు అది.

ఇన్వర్టర్ గదులకు ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా వేరేగా లాగించండి. పాత ఇళ్లలో గోడ పగలగొట్టడం ఇష్టంలేక ఫేజు ఒక్కటే లాగి, న్యూట్రల్ ఇంటిదే కలిపేస్తారు. అప్పుడు ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. ఆ చికాకుకు వైరింగ్ చేసినాయన దాన్నే పీకేసి పోతాడు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే ప్రాణం కాపాడే పరికరాన్ని తప్పుడు వైరింగ్ కోసం బలిచ్చినట్టే. మీ బోర్డులో ఆర్‌సీసీబీ తీసేసి ఉంటే, ఎందుకు తీశారో అడిగి తిరిగి పెట్టించండి. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారితోనే పని చేయించండి. యూట్యూబ్ చూసి మూడు కిలోవాట్లు బిగించే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు.

లిథియం బ్యాటరీల మీద ఒక్క మాట. 2022 ఏప్రిల్‌లో మన పక్కనే నిజామాబాద్‌లో, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఇంటి బ్యాక్‌అప్‌కు వచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, స్కూటర్లలో ఎక్కువగా వాడిన పాత రకంకంటే వేడికి బాగా తట్టుకుంటుంది. అయినా బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నది, కంపెనీ సీలు ఉన్నది కొనాలి. పాత స్కూటర్ల సెల్స్ ఏరి అతికించి చవకగా అమ్మేవి ఇంట్లోకి తేవద్దు. ట్యూబులర్ కోసం చేసిన ఇన్వర్టర్‌కు సెట్టింగ్ మార్చకుండా లిథియం తగిలించవద్దు, రెండు రకాలూ కలిపి అసలే వద్దు.

ఇంటి ముందు మీటరు పక్కన, ఎండకు వానకు చెరగని రంగుతో నాలుగు ముక్కలు రాయించండి: ఈ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, మిద్దె మీద సోలార్ ఉంది, డీసీ స్విచ్చు ఫలానా చోట ఉంది అని. మీ లైన్‌మన్‌కు నోటితో కూడా చెప్పండి. మంటలు లేస్తే వచ్చే ఫైర్ సిబ్బందికి ముందుగా చెప్పాల్సిందీ అదే, పలకలు ఆగవని. గాలివానకు తెగి కిందపడిన తీగ కనిపిస్తే, ఊరంతా కరెంటు లేకపోయినా సరే, దాన్ని ముట్టకుండా, ఎవరినీ పోనివ్వకుండా 1912కు ఫోన్ చేయండి.